రెండు రూపాయల వడ్డీ తెలిసిన ఊళ్లో వెంచర్ క్యాపిటల్

స్టార్టప్‌లకి డబ్బు మళ్లీ వస్తోందని బిజినెస్ పేజీలు రాస్తున్నాయి. అబద్ధమేం కాదు. కానీ ఎవరికి వస్తోంది, ఎంతమందికి వస్తోంది అని కాస్త లోపలికి వెళ్లి చూస్తే, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కూర్చుని ఇన్వెస్టర్లకి చూపించే స్లైడ్లకి, అదే పిచ్ డెక్‌కి, రంగులు దిద్దుకుంటున్న కుర్రాడికి ఆ వార్తతో పెద్దగా సంబంధం లేదని తెలుస్తుంది.

2021లో జరిగింది వేరు. అప్పుడు అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక వెంచర్ ఫండ్లు, అంటే వాటా తీసుకుని కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టేవి, చిరుతిళ్ల బ్రాండు దగ్గర్నుంచి ఆన్‌లైన్ ట్యూషన్ల దాకా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇచ్చాయి. 2022 మార్చి నుంచి అక్కడ వడ్డీ రేట్లు ఎక్కడం మొదలై 2023 జూలైకి 5.25-5.5 శాతానికి చేరాయి, ఇక్కడ కుళాయి కట్టేసినట్టయింది. 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ పలికిన బైజూస్ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ఒక దేశంలో వడ్డీ పెరిగితే ఇంకో దేశంలో ట్యూషన్ కంపెనీ కూలడమేంటి అనిపిస్తుంది గానీ, స్టార్టప్ డబ్బంతా చివరికి అలాంటి డబ్బే, ఎక్కడో సులువుగా దొరికినప్పుడు మాత్రమే ఇక్కడిదాకా పారుతుంది.

ఇప్పుడు తిరిగొచ్చిన డబ్బు తీరు మారింది. పెద్ద మొత్తాలన్నీ ఏఐ వైపు పోతున్నాయి, అదీ కొద్దిమంది చేతుల్లోకే. 2025 మార్చిలో ఓపెన్‌ఏఐ ఒక్కటే 40 బిలియన్ డాలర్ల ఫండింగ్ రౌండ్ ప్రకటించింది. మన దేశంలో చూస్తే, 2024 నవంబర్‌లో స్విగ్గీ, 2025 నవంబర్‌లో లెన్స్‌కార్ట్, గ్రో స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి, పాత ఇన్వెస్టర్లకి డబ్బు చేతికొచ్చే దారి కనిపించింది, దాంతో ఐపీఓకి రెండుమూడేళ్ల దూరంలో ఉన్న కంపెనీల మీద మోజు పెరిగింది. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రశ్న మారిపోయింది. ఒకప్పుడు "ఐడియా ఏంటి?" అనేవాళ్లు, ఇప్పుడు "ఎంత అమ్మావు, ఎవరు కొన్నారు, మళ్లీ కొన్నారా?" అంటున్నారు.

ఇందులో మనకి కలిసొచ్చేది ఒకటుంది, దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పట్లేదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఖర్చు బాగా తగ్గిపోయింది. పదిమంది ప్రోగ్రామర్లని పెట్టుకుని ఏడాది కష్టపడితే వచ్చే మొదటి వెర్షన్‌ని ఇప్పుడు ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీలోనో చదివే ఇద్దరు పిల్లలు ఏఐ టూల్స్ సాయంతో కొన్ని వారాల్లో కట్టేయగలరు. అంటే మొదటి రౌండ్ డబ్బు దేనికోసం తీసుకునేవాళ్లో ఆ అవసరమే సగం పోయింది. అయితే ఇక్కడ ఇద్దరు కట్టగలిగినదాన్ని ఇండోర్‌లో ఇద్దరు, కోయంబత్తూరులో ఇంకో ఇద్దరు కూడా కడతారు. మిగిలేది, నీ కస్టమర్ గురించి నీకు తెలిసి మిగతావాళ్లకి తెలియనిది ఏంటన్నదే. పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువు కట్ట మీద తెల్లవారుజామున ఏం జరుగుతుందో కోరమంగళలో కూర్చున్నవాడికి తెలీదు. అది తెలిసినవాడు మన దగ్గర ఉన్నాడు, కానీ వాడు కూడా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు వెళ్లి కోరమంగళవాడు చేసే యాప్‌నే చేస్తానంటాడు.

అసలు వెంచర్ ఫండ్ లెక్క ఎలా ఉంటుందో ఒకసారి విడమర్చి చూద్దాం, ఎందుకంటే మన కాలేజీల్లో జరిగే స్టార్టప్ సదస్సుల్లో శాలువాలు కప్పుతారు, డమ్మీ చెక్కు పట్టుకుని ఫోటో దిగుతారు, ఈ లెక్క మాత్రం చెప్పరు. ఒక ఫండ్ 500 కోట్లు అనుకుందాం. అది నడిపేవాళ్ల సొంత డబ్బు కాదు, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ లాంటి సంస్థలు, పెద్ద కుటుంబాలు, విదేశీ పెన్షన్ ఫండ్లు నమ్మి ఇచ్చిన డబ్బు. నడిపినందుకు ఏటా 2 శాతం ఫీజు, లాభం వస్తే అందులో 20 శాతం వీళ్లది, కాస్త అటూ ఇటూగా అన్నిచోట్లా ఇదే ఆనవాయితీ. పదేళ్లలో దాన్ని మూడింతలు చేసి చూపిస్తే తర్వాతి ఫండ్‌కి ధైర్యంగా చేయి చాపగలరు. పెట్టిన కంపెనీల్లో చాలావరకు పోతాయని వాళ్లకి ముందే తెలుసు, కాబట్టి నిలబడిన ఒకటో రెండో మొత్తం ఫండ్‌నే వెనక్కి తేవాలి. చివరికి అలాంటి కంపెనీలో వాళ్ల వాటా 10 శాతం మిగిలిందనుకోండి, 500 కోట్లు రావాలంటే ఆ కంపెనీ 5,000 కోట్లు పలకాలి.

ఇప్పుడు పలాసలో సొంత బ్రాండు మీద జీడిపప్పు అమ్మే ఒక యూనిట్‌ని ఊహించుకోండి. ఏటా 10 కోట్ల అమ్మకం, 60 లక్షల లాభం, ముప్ఫైమంది ఆడవాళ్లకి పని. ఊళ్లో అది గౌరవంగా బతుకుతున్న వ్యాపారం, పెళ్లి సంబంధాల్లో కూడా చెప్పుకుంటారు. వెంచర్ ఫండ్ దృష్టిలో మాత్రం అది పనికిరానిది, ఎంత బాగా నడిపినా 5,000 కోట్లకి చేరదు కాబట్టి. ఇందులో ఫండ్‌ తప్పు లేదు, యూనిట్ తప్పూ లేదు. ఇద్దరి లెక్కలూ కలవవు, అంతే. కలవని చోట బలవంతంగా కలిపితే ఏమవుతుందో 2021లో డబ్బు తీసుకున్న తినుబండారాల బ్రాండ్లలో చూశాం, ఆ డబ్బులో చెప్పుకోదగ్గ భాగం ఫేస్‌బుక్, గూగుల్ ప్రకటనలకే పోయింది.

పైగా పలాస యూనిట్‌కి కావాల్సిన డబ్బు రకమే వేరు. జీడి పిక్కలు సీజన్లో కొనాలి, 80 కిలోల బస్తాల లెక్కన గోడౌన్ నింపుకోవాలి, అవి చాలకపోతే ఆఫ్రికా నుంచి వచ్చిన పిక్కలకి ముందే డబ్బు కట్టాలి, ఆ తర్వాత ఉడకబెట్టడం, కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గుండు వేరు బద్ద వేరు చేసి గ్రేడ్ కట్టడం, ఇదంతా అయి పప్పు అమ్ముడై డబ్బు చేతికి వచ్చేసరికి నెలలు పడుతుంది. ఆ నెలల గ్యాప్‌ని పూడ్చేది వర్కింగ్ క్యాపిటల్. దాన్ని వాటా అమ్మి తెచ్చుకోవడమంత ఖరీదైన పని ఇంకోటి లేదు, సీజన్‌తో తీరిపోయే అవసరానికి శాశ్వతంగా లాభం పంచాలి మరి. దీనికి కావాల్సింది బ్యాంకు. చిన్న పరిశ్రమలకి తాకట్టు లేని అప్పుల మీద ఇచ్చే గ్యారంటీ పరిమితిని 2025 బడ్జెట్‌లో 5 కోట్ల నుంచి 10 కోట్లకి పెంచారు, చిన్న ఆహార యూనిట్లకి పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద ప్రాజెక్టు ఖర్చు మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. బ్రాంచి మేనేజరు మాత్రం "ఇల్లు కాగితాలు తెచ్చారా?" అనే అడుగుతాడు. ఆ మాట మారకుండా స్టార్టప్ పాలసీలు ఎన్ని వెర్షన్లు వచ్చినా ఇక్కడివాళ్లకి ఒరిగేది తక్కువ.

సరే, ఫండ్లు రావు, బ్యాంకు కదలదు, ఊళ్లో డబ్బున్నవాళ్లు పెట్టొచ్చు కదా అంటారు. డాక్టర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, అమెరికాలో పిల్లలున్న రిటైర్డ్ మాస్టార్లున్నారు. వాళ్లని అడిగి చూడండి, వచ్చే మొదటి ప్రశ్న "మరేటి, నెలకి ఎంతొస్తాది?" అనే. దీన్ని వెనకబాటుతనం అని నవ్వేసేవాళ్లు ఉన్నారు, నాకైతే అది చాలా తెలివైన ప్రశ్న అనిపిస్తుంది. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఏటా వచ్చే వడ్డీని అసల్లో కలుపుకుంటూ పదేళ్లు తిప్పితే లక్ష కాస్తా 8 లక్షల 59 వేలు అవుతుంది. వెంచర్ ఫండ్ గొప్పగా చెప్పుకునే మూడింతలు ఎంత? లక్షకి పదేళ్లలో 3 లక్షలు. ఒక్కసారే ఇచ్చి చివర్లో ఒక్కసారే తీసుకున్నట్టు లెక్కేస్తే ఏడాదికి 11.6 శాతం. ఫండ్లు డబ్బుని విడతలుగా తీసుకుంటాయి, మధ్యలో కొంత వెనక్కిస్తాయి, కాబట్టి అసలు రాబడి అంతకంటే కొంత ఎక్కువే ఉంటుంది. అటు వడ్డీ వ్యాపారంలోనూ ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది, ప్రతి రూపాయీ పదేళ్లపాటు అలా తిరగదు. అన్నీ తీసేసినా సరే, చేతిలో ప్రోనోటు, బీరువాలో తాకట్టు బంగారం పెట్టుకుని 24 శాతం ఆశించే మనిషికి "పదేళ్లు ఆగండి, పోతే పోవచ్చు, వస్తే మూడింతలు" అని చెప్పి ఒప్పించడం అంత తేలిక కాదు. వడ్డీ ఇష్టం లేనివాళ్లకి భూమి ఉండనే ఉంది. ఎయిర్‌పోర్టు పేరు చెప్పి భోగాపురం చుట్టూ రియల్ ఎస్టేట్ వెంచర్లలో గజాల లెక్క ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు, 2025 అక్టోబర్‌లో విశాఖకి గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ ప్రకటన వచ్చాక ఆ వేడి ఇంకాస్త పెరిగింది.

ఇంతా చేసి ఎవరైనా దయతలచి ఇచ్చినా ఇంకో చిక్కు. పది లక్షలు పెట్టిన మావయ్య 40 శాతం వాటా అడుగుతాడు, ఆయన దృష్టిలో అది న్యాయమే, మొదట నమ్మింది ఆయనే కదా. రెండేళ్ల తర్వాత నిజంగా పెద్ద ఇన్వెస్టర్ వస్తే, పని చేయని మనిషి చేతిలో 40 శాతం చూసి అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాడు. విదేశాల్లో దీనికి విరుగుడుగా విలువ ఇప్పుడు తేల్చకుండా తర్వాతి రౌండ్‌లో షేర్లుగా మారే పత్రాలు వాడతారు. మన దగ్గరా అలాంటిదే కన్వర్టిబుల్ నోట్ ఉంది, కానీ నిబంధన ప్రకారం గుర్తింపు పొందిన స్టార్టప్ అయినా ఒక్కొక్కరి దగ్గర ఒకే విడతలో 25 లక్షలకి తగ్గకుండా తీసుకోవాలి. శ్రీకాకుళంలో 5 లక్షలు పెడదామనుకున్న డాక్టరుగారికి ఆ తలుపు మూసేసినట్టే. ఆయన షేర్లే తీసుకోవాలి, దానికి వాల్యుయేషన్ రిపోర్టు, కొద్దిమందికే షేర్లు అమ్మే ప్రైవేట్ ప్లేస్‌మెంట్ కాగితాలు, ఆడిటర్ ఫీజు. అసలు విలువ కంటే ఎక్కువకి షేర్లు అమ్మితే ఆ ఎక్కువ మీద పడే, 2012లో పుట్టిన ఏంజెల్ ట్యాక్స్‌ని 2024 జూలై బడ్జెట్‌లో ఎత్తేశారు, మంచి పని, షేర్ ప్రీమియం మీద పన్ను నోటీసు వస్తుందన్న టెన్షన్ తగ్గింది. నన్నడిగితే ఆ 25 లక్షల గీతని 5 లక్షలకి దించడం మన జిల్లాల్లాంటి చోట్ల అంతకంటే ఎక్కువ పని చేస్తుంది. దాని గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు, ఫోటోకి పనికొచ్చే విషయం కాదు కదా.

ఫండింగ్ వచ్చిందంటే గెలిచినట్టే అనుకోవడం గురించి కూడా ఒక మాట. 20 కోట్లు తీసుకుని 40 శాతం ఇచ్చారనుకోండి, కాగితం మీద కంపెనీ విలువ 50 కోట్లు, పేపర్లో ఫోటో, ఊళ్లో ఫ్లెక్సీ. పెట్టుబడి షరతులు రాసే టర్మ్ షీట్‌లో లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అని ఒక వాక్యం ఉంటుంది, చాలామంది ఫౌండర్లు దాన్ని సంతకం పెట్టాక చదువుతారు. రెండేళ్లకి పరిస్థితి బాగోక కంపెనీని 25 కోట్లకి అమ్మారు. వాటా ప్రకారం ఇన్వెస్టర్‌కి 10 కోట్లు రావాలి, కానీ ఆ వాక్యం వల్ల ముందు తన 20 కోట్లు తను తీసుకుంటాడు. మిగిలిన 5 కోట్లే ఫౌండర్లు, ఉద్యోగులు, ఆ మావయ్య కలిపి పంచుకోవాలి. ఇది మోసం కాదు, మామూలు షరతు.

రాజాంలో జూట్ మిల్లుతో మొదలైన జీఎంఆర్ ఢిల్లీ, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల దాకా వెళ్లింది, ఆ మొదలు వెంచర్ క్యాపిటల్‌తో కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో బయటి ఇన్వెస్టర్ల డబ్బు లేకుండానే పెరిగి తమిళనాడులోని తెన్‌కాశిలో ఆఫీసు పెట్టింది. ఇవి అరుదైన కథలే, అందరికీ సాధ్యమని నేను అనను. అసలు వెంచర్ డబ్బు సరిపోయే వ్యాపారాలు ఇక్కడ పుట్టవనీ కాదు. రేపు ఎవరైనా బ్యాటరీల్లోనో మందుల తయారీలోనో లోతైన పని చేస్తే వాళ్లకి ఆ డబ్బే కావాలి, కేంద్రం 2025లో తెచ్చిన లక్ష కోట్ల పరిశోధన నిధి కూడా అలాంటివాళ్ల కోసమే.

మిగతావాళ్లకి, అంటే దాదాపు అందరికీ, లోటు మొదటి కస్టమర్ దగ్గర. 2025 ఆగస్టులో అమరావతిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది, శాఖలు విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో ఉన్నాయి, మనకి దగ్గరిది విశాఖ. అక్కడికి మన పిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్లి పిచ్ చేయించడం కంటే, పైడిభీమవరం ఫార్మా కంపెనీల కొనుగోలు విభాగాలనీ, కాశీబుగ్గ జీడి యూనిట్ల యజమానులనీ, రొయ్యల రైతులనీ ఒక రోజు ఒకచోట కూర్చోబెట్టి "మీకు ఏ పని నొప్పిగా ఉంది, దానికి ఎంత ఇస్తారు?" అని పిల్లల చేత అడిగించొచ్చు. "మార్కెట్ లక్ష కోట్లు, అందులో ఒక్క శాతం మాకు వస్తే చాలు" అనే స్లైడు ఆ గదిలో ఒక్క నిమిషం కూడా నిలబడదు. ఒక్క యజమానైనా "నా యూనిట్‌లో మూడు నెలలు పెట్టి చూడు, పని చేస్తే డబ్బిస్తా" అంటే, ఆ మూడు నెలల ఖర్చు మహా అయితే రెండు మూడు లక్షలు. కొత్త కంపెనీలకి తొలి సాయం చేసే ఇంక్యుబేటర్లు ఇవ్వాల్సింది ఆ మొత్తమే, ఫండ్ వచ్చేదాకా ఆగకుండా, ఆర్డరు కాగితం చూసిన వారంలోపు.