ఖరీదైన చేపకే టీకానా?

చెరువులో చేపలు తేలడం మొదలయ్యాక రైతు చేసేది ఒకటే: మేతలో యాంటీబయాటిక్ కలపడం. కానీ జబ్బుపడ్డ చేప ముందుగా మానేసేది మేతనే. మందు తినేది ఇంకా ఆరోగ్యంగా ఉన్న చేపలు. తినగా మిగిలింది నీళ్లలో, అడుగు బురదలో చేరి, అక్కడి బ్యాక్టీరియాకు ఆ మందును తట్టుకునే శక్తినిస్తుంది. ఇది మత్స్య వైద్యులకు కొత్త సంగతేమీ కాదు. అయినా పరిశోధనకు డబ్బు కేటాయించేవారు ఇంకా మందు చుట్టూనే తిరుగుతున్నారు.

నార్వేలో 1987లో సాల్మన్ పెంపకానికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్‌లు వాడారు. అప్పటి ఉత్పత్తి లక్ష టన్నులైనా లేదు. ఆ చేపలకు బ్యాక్టీరియా వల్ల వచ్చే విబ్రియోసిస్, ఫ్యూరంక్యులోసిస్ అనే జబ్బులకు మంచి టీకాలు వచ్చాయి. ఒక తరం చేపలు పట్టాక ఆ చోటును కొన్నాళ్లు ఖాళీగా ఉంచడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఉత్పత్తి పది లక్షల టన్నులు దాటినా మందుల వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. అలాగని టీకా ఉంటే గెలిచినట్టేనని అనుకోలేం. చిలీ సాల్మన్‌ను పీడిస్తున్న పిసిరికెట్సియా బ్యాక్టీరియా చేప కణాల లోపలే దాక్కుని పెరుగుతుంది. దానిపై టీకాల రక్షణ ఎక్కువ కాలం నిలవక అక్కడ ఏటా వందల టన్నుల యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది.

మా అభ్యంతరం వేరే చోట ఉంది. సాల్మన్‌కు ఒక్కొక్క చేపకూ పొట్టలో సూది వేస్తారు. దాని ధర ఆ ఖర్చును భరిస్తుంది. లక్షల్లో వదిలే కార్పు, తిలాపియా పిల్లలకు ఆ పని ఎవరు చేస్తారు? పేదల పళ్లెంలోకి వచ్చేవి ఈ చేపలే, ఎరోమోనాస్, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాలకు గుంపులుగా చచ్చేవీ ఇవే. లాభం కనిపించని చోటికి టీకా కంపెనీలు రావు, రమ్మని తిట్టినా ప్రయోజనం లేదు. కనుక మేతలో పెట్టే టీకా, నీళ్లలో కలిపే టీకాలపై పరిశోధన ప్రభుత్వ సొమ్ముతోనే సాగాలి. ఇది గాలిలో మేడ కాదు. ట్రౌట్ చేపలకొచ్చే ఎర్రనోటి వ్యాధి టీకాకు అమెరికా 1976లోనే అనుమతి ఇచ్చింది; టీకా కలిపిన నీళ్లలో చేపపిల్లల్ని కాసేపు ఉంచితే సరిపోతుంది.

ఇది చేపలతో ఆగే వ్యవహారమూ కాదు. 2015లో సింగపూర్‌లో పచ్చి మంచినీటి చేప తిన్నవారిలో స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అనే బ్యాక్టీరియా తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తెచ్చింది. ఆరోగ్యశాఖ, మత్స్యశాఖ ఎవరి లెక్కలు వారు రాసుకుంటూ కూర్చుంటే ఇలాంటివి ఆలస్యంగానే బయటపడతాయి.

టీకా వచ్చేలోగా చేయదగిన పనీ ఒకటుంది. చచ్చిన చేప కుళ్లకముందే దాని కిడ్నీ నుంచి బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చెప్పే ప్రయోగశాల పెంపక ప్రాంతానికి దగ్గర్లో ఉండాలి. ఆ నివేదిక లేకుండా యాంటీబయాటిక్ అమ్మకం సాగనివ్వకూడదు. నివేదిక రైతుకు ఉచితంగా, రెండు మూడు రోజుల్లో అందితేనే ఈ షరతు న్యాయం. లేదంటే అతను మళ్లీ మందుల దుకాణానికే పోతాడు.