కామెంటు కదిలిస్తే కొంప మునుగుతుందట!

నాలుగు లైన్లు తీసేద్దామని మొదలుపెట్టి ఇవాళ్టికి 19 రోజులు. అవి కోడ్ కూడా కాదు, కోడ్ మధ్యలో చదివేవాళ్ల కోసం రాసిపెట్టే కామెంటు. నేను బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక స్టోరేజ్ కంపెనీలో ఫైల్ సిస్టమ్ కోడ్, అంటే డిస్కులో ఫైళ్లను సర్దిపెట్టే కోడ్, రాసి పొట్ట పోసుకుంటున్నాను. కంపెనీ పేరు చెప్పను, ఈఎంఐలు ఉన్నాయి.

ఆ శాసనం తాత్పర్యం ఇది: "ఈ ఫంక్షన్‌ని పిలిచేవాళ్లు ముందే ఐ-మ్యూటెక్స్ పట్టుకుని ఉంటారు. ఇక్కడ మళ్లీ పట్టుకోవద్దు. డర్టీ పేజీల సంగతి పీడీఫ్లష్ చూసుకుంటుంది."

ఐ-మ్యూటెక్స్ అంటే ఒకే ఫైల్ మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వేయకుండా లినక్స్ కర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, వేసే తాళం. 2016లో, 4.7 వెర్షన్‌లో దాన్ని తీసి ఐ-ఆర్‌డబ్ల్యూసెమ్ పెట్టారు, ఒకే డైరెక్టరీలో నలుగురు ఒకేసారి పేర్లు వెతుక్కోవచ్చని. పీడీఫ్లష్ కథ ఇంకా పాతది. డర్టీ పేజీలను, అంటే మెమరీలో మారినా డిస్కుకి ఇంకా చేరనివాటిని, డిస్కుకి చేర్చే ఆ థ్రెడ్లు (లోపల నడిచే పనివాళ్లు) 2009 చివర్లో, 2.6.32తోనే కాలం చేశాయి. ఇప్పుడు ఏ డిస్కు ఫ్లషర్ ఆ డిస్కుదే. అంటే మా కామెంటులో ఉన్న ఇద్దరిలో ఒకరు కీర్తిశేషులు, ఇంకొకరు పేరు మార్చుకుని వేరే కాపురం పెట్టారు. మిగతాదంతా కరెక్టే.

రివ్యూ మీటింగ్‌కి తొమ్మిదిమంది వచ్చారు. ప్రొడక్షన్ పడిపోయిన రోజున కూడా ఆరుగురికి మించి రాలేదు. అధ్యక్ష స్థానంలో మా నెల్లూరన్న. పన్నెండేళ్లుగా ఆ ఫైల్‌ని కాపాడుకొస్తున్న మనిషి.

"తీసేస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"ఏమీ కాదన్నా."

"ఏమీ కానప్పుడు తీయడం ఎందుకు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరా ఉండదు. ఊళ్లో తద్దినానికి పిల్లిని గంప కింద ఎందుకు పెడుతున్నారని అడిగినవాడికీ ఇదే జరిగి ఉంటుంది.

ఫైల్ సిస్టమ్‌లను పరీక్షించే టెస్టుల మూట ఒకటుంది. "ఎక్స్ఎఫ్ఎస్‌టెస్ట్స్ మొత్తం తిప్పావా?" అన్నాడు దాని గురించే.

"అన్నా, కామెంటు అన్నా."

"తెలుసు. తిప్పావా?"

తిప్పాను. రాత్రంతా నడిచింది. పాపం ఆ మిషను వందల టెస్టుల్లో డిస్కు నింపింది, ఖాళీ చేసింది, రాస్తుండగా మధ్యలో కరెంటు పోయినట్టు నటించింది, మళ్లీ మౌంట్ చేసి లెక్కలు చూసుకుంది. నాలుగు లైన్ల కామెంటు పోయినా ఫైల్ సిస్టమ్ ప్రాణాలతోనే ఉందని తెల్లవారుజామున తేలింది. ఒక టెస్ట్ మాత్రం ఫెయిలయింది. అది కామెంటు ఉన్నప్పుడూ ఫెయిలవుతుంది, మూడేళ్లుగా ఫెయిలవుతోంది. "అప్పటి ఫెయిలూ ఇప్పటి ఫెయిలూ ఒకటేనని గ్యారంటీ ఏంటి?" అన్నాడు అన్న.

ఒళ్లు మండి కామెంటు ఉన్న కోడ్‌కీ లేని కోడ్‌కీ రెండు బైనరీలూ (మిషను నడిపే ఫైళ్లు) బిల్డ్ చేశాను, పక్కపక్కన పెట్టి ఒకటేనని చూపిద్దామని. అదీ నా ఖర్మ, తేడా వచ్చింది! ఏదైనా తేడా వస్తే హెచ్చరించే వార్న్-ఆన్ అనేది తను ఏ లైన్‌లో ఉందో ఆ నంబరు బైనరీలో రాసుకుంటుంది. పైన నాలుగు లైన్లు పోతే కింద ఉన్న నంబర్లన్నీ నాలుగు తగ్గాయి. అన్న కళ్లజోడు సర్దుకుని గదంతా ఒకసారి చూశాడు. "చూశారా? ఊరికే కామెంటన్నాడు. బైనరీ మారింది." క్యూఏ అమ్మాయి నోట్ చేసుకుంది. ఎవరో రిలీజ్ నోట్స్‌లో పెట్టాలా అని కూడా అడిగారు.

మూడో వారానికి చర్చ వేదాంతంలోకి వెళ్లింది. "మెజెస్టిక్ థియేటర్ ఎప్పుడో పోయింది. బస్‌స్టాండ్‌కి కెంపేగౌడ పేరు పెట్టారు. అయినా కండక్టర్ మెజెస్టిక్ అని అరవట్లేదా, మనం దిగట్లేదా?" అన్నాడు అన్న. నిజమే. కానీ మెజెస్టిక్‌లో దిగినవాడికి బస్సు దొరుకుతుందన్నా. "లోపలికి రండి, ఫస్ట్ షో టికెట్లు ఇస్తున్నాం" అని అక్కడ ఎవడూ బోర్డు పెట్టలేదు. మన కామెంటు ఆ బోర్డు.

అసలు కర్నెల్‌లో కామెంట్లు కాదు, ఫైల్ సిస్టమ్‌లకు ఫైల్ సిస్టమ్‌లే ఎత్తేశారు. ఈఎక్స్‌టీ3 డ్రైవర్‌ని 2015లో, 4.3లో తీసేశారు, దాని డిస్కుల్ని ఈఎక్స్‌టీ4 చదువుకుంటుంది. రైజర్‌ఎఫ్ఎస్‌ని 6.13లో మొత్తం ఊడ్చేశారు. ఆకాశం ఊడిపడలేదు. నాలుగు లైన్ల దగ్గరే మాకు దేశభద్రత గుర్తొచ్చింది.

కామెంటు తీసేసే ఈ ప్యాచ్ ఆలోచన నాకు ఊరికే పుట్టలేదు. మా టీములో నరసరావుపేట కుర్రాడు ఒకడున్నాడు. చేరి ఏడు నెలలు. బుద్ధిమంతుడు, అంటే కామెంట్లు చదువుతాడు. తాళం పిలిచేవాళ్లే వేస్తారని రాసి ఉంది, మళ్లీ వేయొద్దని కూడా రాసి ఉంది. వాడు వేయలేదు. పిలిచేవాళ్లు వేయడం మానేసి ఏళ్లయింది. ఆ మార్పు చేసిన మహానుభావుడు కోడ్ మార్చాడు గానీ తల పైకెత్తి ఆ నాలుగు లైన్లు చూడలేదు. మా దగ్గర టెస్టులు పాసయ్యాయి. కస్టమర్ దగ్గర లోడ్ పెరిగాక రెండు థ్రెడ్లు ఒకే ఫైల్ చివరికి ఒకేసారి రాశాయి. ఒకదాని డేటా మీద ఇంకొకటి ఎక్కి కూర్చుంది.

మూడు రాత్రులు వాడు ఆఫీసులోనే ఉన్నాడు. పీజీలో అన్నం గిన్నెలు కడిగేసే టైమ్‌కి వాడింకా లాగ్‌లు చూస్తూ, మెషీన్ కాఫీ తాగుతూ. నాలుగో రోజు పాతికమంది ఉన్న కాల్‌లో ఒక పెద్దమనిషి అన్నాడు: "కామెంటు నమ్మితే ఎలా తమ్ముడూ? కోడ్ చదవాలి కదా!"

సిగ్గుండాలి. నమ్మకూడనిదైతే ఎందుకు ఉంచారయ్యా, దిష్టిబొమ్మగానా? కంపైలర్ దాన్ని చదవదు. మీకు అది అబద్ధమని తెలుసు. ఇక అది మిగిలింది ఎవరికోసం? కొత్తగా వచ్చి, భయపడుతూ, రాసి ఉన్నది రాసి ఉన్నట్టు నమ్మే పిల్లాడి కోసమే కదా. వాణ్ణి గోతిలోకి మీరే పంపి, పడ్డాక నడక రాదంటారా? వాడి అప్రైజల్‌లో "కోడ్ లోతుగా చదవడం నేర్చుకోవాలి" అని రాశారు. అప్రైజల్‌లోని ఆ కామెంటు తీయమంటే దానికి అసలు మీటింగే పెట్టరు.

సరే, నిన్న రాజీ కుదిరింది. కామెంటు తీయకూడదు. దాని పైన ఇంకో కామెంటు పెట్టాలి: "గమనిక: కింది కామెంటు పాతది." నెల్లూరన్న పెద్దమనసుతో ఇంకో మాట కలిపాడు. "ఎలాగూ ముట్టుకుంటున్నావు కదా, అందులో రెండు స్పెల్లింగ్ తప్పులున్నాయి, అవీ సరిచెయ్. అలైన్‌మెంట్ కూడా." ఓపిక లేక చేశాను. నాలుగు లైన్లూ ముచ్చటగా తయారయ్యాయి. పది నిమిషాల్లో అప్రూవ్ చేశారు, ఒక్కరూ టెస్ట్ అడగలేదు.

ఇవాళ పొద్దున కొత్తగా చేరిన అమ్మాయి పింగ్ చేసింది. ఏ లైను చివరగా ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ కొడితే ఆ నాలుగు లైన్ల పక్కనా నా పేరే వచ్చిందట.

"సార్, పీడీఫ్లష్ చూసుకుంటుందని మీరే రాశారు కదా. పైనేమో పాతదని ఉంది, కానీ మీరు మార్చింది నిన్ననే. ఏది నమ్మాలి సార్?"