ముందు నోరు చూడండి బాబూ

ఆదివారం పేపర్ మధ్యలోంచి మళ్ళీ ఒక రంగుల కరపత్రం జారిపడింది. మహిళలకు ప్రత్యేక క్యాన్సర్ ప్యాకేజీ, ఒక్క రక్తపరీక్షతో అన్నీ తెలిసిపోతాయట, నెలాఖరు దాకా సగం ధరే. ఆషాఢం సేల్ లాగా. చించి చెత్తబుట్టలో వేశాక కూడా కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ కక్కుతున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపికుంటేనే చదవండి.

ఆ ప్యాకేజీ రెండేళ్ళ కిందట నేనూ చేయించుకున్నా. వైజాగ్‌లోనే, ఓ పెద్దాసుపత్రిలో. పేరు అనవసరం. రక్తంలో సీఏ-125 అనే ప్రోటీన్ అంకె ఎక్కువొచ్చింది, అండాశయ క్యాన్సర్ కావచ్చు అన్నారు. స్కానింగ్, తర్వాత ఎమ్మారై. మూడు వారాలు నిద్ర లేదు. బీరువా తాళాలెక్కడుంటాయో, పాప ఫీజు ఎప్పుడు కట్టాలో మా ఆయనకి అప్పగింతలు కూడా పెట్టేశా. చివరికి తేలింది గర్భసంచిలో రెండు ఫైబ్రాయిడ్లు, అంటే క్యాన్సర్ కాని గడ్డలు. ఫైబ్రాయిడ్లున్నా, నెలసరిలో ఉన్నా ఆ అంకె పెరగొచ్చని అప్పుడు చెప్పారు, తీరిగ్గా.

ఆ తర్వాత పట్టుబట్టి చదివా. అమెరికాలో 78 వేలమంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. సగంమందికి ఏటేటా ఈ పరీక్ష, స్కానింగ్ చేశారు. అండాశయ క్యాన్సర్ చావులు తగ్గలేదు. పైగా 3,285 మందికి లేని జబ్బు ఉందేమోనని అనుమానం పెట్టి, వాళ్ళలో 1,080 మందికి ఆపరేషన్లు చేశారు. బ్రిటన్‌లో రెండు లక్షలమందితో చేసిన అధ్యయనం కూడా 2021లో చావులు తగ్గలేదనే చెప్పింది. లక్షణాలుండి డాక్టరు రాస్తే ఆ పరీక్షకి అర్థముంది. ఏ బాధా లేనివాళ్ళకి డిస్కౌంట్లో అమ్మడమేంటి?

సరే, నాది పోయింది డబ్బు, నిద్ర. మా మేనత్త సంగతి వేరు.

అత్తది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఊరు. నలభై ఏళ్ళుగా అడ్డపొగ. తెలియనివాళ్ళకి చెప్తున్నా, చుట్ట ముట్టించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. చిన్నప్పుడు సెలవులకెళ్తే నోరు తెరుచుకుని చూసేదాన్ని. రెండు పీల్పులు మామూలుగా పీల్చి, చటుక్కున చుట్ట తిప్పేసి, పెదాలు బిగించి, ఎండుచేపలు తిరగేస్తూనే మాతో కబుర్లు చెప్పేది. కాలదా అత్తా అంటే నవ్వేది. గాలికి ఆరిపోదు, బూడిద చేపల మీద పడదు, చుట్ట ఎక్కువసేపొస్తుంది. "లోపలెట్టుకుంతే మీ మావకి అగుపడదు గదే" అనేది. ఆ పొగా ఆ వేడీ నేరుగా తగిలేది అంగిలికే. బయట ప్రపంచంలో అంగిలి క్యాన్సర్ అరుదు. మన విశాఖ, శ్రీకాకుళం ఆడవాళ్ళలో అది ఎందుకొస్తుందో ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు యాభై ఏళ్ళ కిందటే రాసిపెట్టారు. 1971లో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్ళు చూసి వేరే బృందం రాసిన పరిశోధన బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. అంటే మా అత్త అంగిలి గురించి లండన్‌లో తెలుసు. వాళ్ళ ఊరి ఆరోగ్య కార్యకర్త చేతిలోని టాబ్‌లో తెలీదు.

ఆ టాబ్ సంగతేంటంటే, ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ నోరు, ఆడవాళ్ళకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కూడా చూడాలని 2016 నుంచి కేంద్రం మార్గదర్శకాలున్నాయి. ఇంటింటికీ వచ్చి అందులో నమోదు చేసుకుంటారు. అత్త పేరు ఎదురుగా నోటి క్యాన్సర్ దగ్గర 'నార్మల్' అని ఉంది, నా కళ్ళతో చూశా. నోరు చూశారా అత్తా అనడిగితే, "నోరెందుకు సూత్తారే? సెయ్యి సాపమన్నారు, బీపీ సూసినారు, ఎలిముద్దరేయించుకుని ఎల్లిపోనారు."

ఆ అమ్మాయిని తిట్టను. రోజుకి అన్ని ఇళ్ళు, ఒక్కో ఇంటికీ అన్ని గడులు, పైనుంచి టార్గెట్. టార్చి ఎవడిచ్చాడు ఆమెకి? ఏం చూడాలో ఎవరు నేర్పారు? దేశం మొత్తం ఇంతే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు.

మరి నోరు చూస్తే ఏమొస్తుందని అడిగేవాళ్ళుంటారు. తిరువనంతపురం జిల్లాలో డాక్టర్లు కాదు, డిగ్రీ చదివి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి 35 దాటినవాళ్ళ నోళ్ళు వెలుతురులో చూశారు. 2005లో లాన్సెట్‌లో వచ్చింది. పొగాకో మందో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. అలవాటు లేనివాళ్ళలో పెద్ద తేడా లేదు, అది కూడా చెప్పాలి. అంటే అందరి వెంటా పడక్కర్లేదు. చుట్ట, ఖైనీ, గుట్కా వాళ్ళని పట్టుకుంటే చాలు. మన ఒడ్డున ఎవరు చుట్ట తాగుతారో వెతకాలా ఏంటి?

(ఆ అధ్యయనంలో పోల్చడానికని పక్కన పెట్టిన 95 వేలమందికి మామూలు వైద్యమే, ఇంటికెళ్ళి ఎవరూ నోరు చూడలేదు. అది న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ. కానీ వాళ్ళ మీద నేర్చుకున్నది కూడా వాడకపోవడాన్ని ఏమనాలి?)

అత్త నోరు చివరికి చూసింది పళ్ళ డాక్టరు. పన్ను కదులుతోందని వెళ్తే. ఫోన్ టార్చి వేసి నన్నూ చూడమన్నాడు. అంగిలంతా పాత సున్నం గోడలా తెల్లగా, మధ్యమధ్యలో ఎర్రచుక్కలు, ఓ పక్కన రూపాయి బిళ్ళంత పుండు. తెల్ల మచ్చ దగ్గర దొరికుంటే చుట్ట మాన్పించి కనిపెట్టుకుంటే సరిపోయేదేమో అన్నాడు. పుండు దాకా వచ్చాక ఆ మాట లేదు.

మద్దిలపాలెంలో బస్సు మారి, గాజువాక దాటి, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరిగామో. కార్డు మీదే వైద్యం. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళదే ఇది. నోటి క్యాన్సర్ తొలిదశలో ఉన్నప్పుడే మెడలోని లింఫ్ గ్రంథులు కూడా ముందుగానే తీసేస్తే మూడేళ్ళకి 80 శాతం మంది బతికున్నారని, మెడలో గడ్డ కనపడేదాకా ఆగితే 67.5 శాతమేనని 2015లో ప్రపంచానికి చెప్పింది ఆ టాటా డాక్టర్లే. తొలిదశలో వెళ్తే కదా ఆ లెక్క మనకి పనికొచ్చేది. అత్తకి పైదవడ ఒకవైపు తీసేశారు. అంగిలి ఉన్నచోట కంత. దానికి ప్లేటు చేసిచ్చారు, కట్టుడు పళ్ళలా పెట్టుకోవాలి. మొదటివారం ప్లేటు మర్చిపోయి టీ తాగింది. ముక్కులోంచి వచ్చేసింది. గ్లాసు కింద పెట్టి, గోడవైపు తిరిగి చాలాసేపు కూర్చుంది. అత్త ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు ఫర్వాలేదు. రేడియేషన్ అయిపోయింది, మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాం. మాట ముక్కులోంచి వస్తుంది గానీ గొడవకి తగ్గదు.

పోయిన వారం వెళ్ళినప్పుడు ఆ వీధిలో నలుగురు ముసలమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్ టార్చి వేశా. నేను బ్యాంకు గుమస్తాని, డాక్టర్ని కాదు, తెల్లగా ఉందా ఎర్రగా ఉందా అన్నదే చూశా. ముగ్గురికి తెల్లగా ఉంది. ఒకామెకి చిన్న పుండు. పద ఆసుపత్రికి అంటే, "సుట్ట మానీమని అననంతేనే వత్తాను" అంది. అననన్నా, అబద్ధమే. గురువారం సెలవు పెట్టా.