నడిమి పిల్లర్ జోలికి పోకండి: 30×40 ఫార్వర్డ్‌కు జవాబు

"ఆర్కిటెక్టులు దాచే 9 రహస్యాలు: 30×40 సైటులో 150 చదరపు అడుగులు ఉచితం" అనే మెసేజ్ బెంగళూరు తెలుగు గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతోంది. మారతహళ్ళి గ్రూపులో చూసి వదిలేస్తే హొరమావు గ్రూపులో వచ్చింది. అక్కడా ఊరుకుంటే బంధువుల గ్రూపులో "చాలా ఉపయోగకరం, ఇల్లు కట్టేవాళ్ళకి తప్పక పంపండి" అంటూ దండాల బొమ్మలతో దిగింది. ఇన్నాళ్ళూ ప్లాన్ మీద ఆర్కిటెక్టుతో వాదించినవాళ్ళు ఇప్పుడు ఈ తొమ్మిది సూత్రాలు చూపించి వాదిస్తున్నారు. వరసలో చెప్పను. ప్రాణం మీదికి తెచ్చేది ముందు.

నాలుగో రహస్యం ఇది: "కారు పార్కింగ్‌లో నడిమి పిల్లర్ తీసేయండి. ఇంజనీర్లు స్టీల్ షాపు కమిషన్ కోసం పిల్లర్లు ఎక్కువ వేస్తారు. మంచి మేస్త్రీ ఉంటే స్ట్రక్చరల్ డ్రాయింగ్ దండగ."

సెట్‌బ్యాకులు, అంటే సైటు అంచుల్లో వదలాల్సిన ఖాళీలు పోగా ఇంటికి 25 అడుగుల వెడల్పు మిగిలిందనుకుందాం. పిల్లర్లు సుమారు 12 అడుగులకొకటి పడతాయి. నడిమి పిల్లర్ తన చుట్టూ 12×12, అంటే 144 చదరపు అడుగుల స్లాబునీ దాని మీది గోడల్నీ మోస్తుంది. గోడలు, సామాన్లు, మనుషులు అన్నీ కలిపి స్లాబుకు 15 టన్నులు వేసుకోండి. జీ ప్లస్ టూ ఇంట్లో, అంటే కింది అంతస్తు మీద మరో రెండు ఉంటే, మూడు స్లాబులు, 45 టన్నులు. కింద పిల్లర్ లేపేస్తే ఆ 45 టన్నులు వాట్సాప్‌లోకి పోవు. 12 అడుగుల బీములు రెండు కలిసి 24 అడుగుల బీమ్ ఒకటవుతుంది. బీమ్ పొడవునా సమానంగా పరచుకున్న బరువుకే, పొడవు రెట్టింపైతే బెండింగ్, అంటే బీమ్‌ను వంచే ఒత్తిడి, నాలుగు రెట్లు, కిందికి కుంగడం పదహారు రెట్లు. ఇక్కడ బరువు పరచుకుని కూడా లేదు. పై అంతస్తు పిల్లర్ వచ్చి సరిగ్గా నడిమధ్యన నిలబడుతుంది. దీన్నే ఫ్లోటింగ్ కాలమ్ అంటారు. లెక్కలు కట్టి దానికి తగిన బీమ్ వేసే ఇంజనీర్లు ఉన్నారు. "మంచి మేస్త్రీ" 9×12 అంగుళాల బీములో రెండు కడ్డీలు ఎక్కువ పడేసి "ఏం కాదు సార్" అంటాడు. మొదటి ఏడాది నిజంగానే ఏం కాదు. తర్వాత పై అంతస్తు గోడల్లో ఏటవాలు చీలికలు వస్తాయి, తలుపులు పట్టేస్తాయి, బీమ్ అడుగున నడిమిన నిలువు చీలికలు కనిపిస్తాయి. పుట్టీ పెట్టి పెయింట్ వేస్తారు.

ఇక కమిషన్ సంగతి. 9×12 అంగుళాల పిల్లర్‌లో 16 ఎంఎం కడ్డీలు ఆరు వేశారనుకుందాం. ఆ కడ్డీ మీటరుకు 1.58 కిలోలు. 10 అడుగుల అంతస్తుకు రింగులతో కలిపి సుమారు 40 కిలోలు. అదే పిల్లర్ తీసేసి 24 అడుగుల బీమ్ సరిగ్గా వేయాలంటే 25 ఎంఎం కడ్డీలు కావాలి, మీటరుకు 3.85 కిలోలు. ఎనిమిది కడ్డీలకే 200 కిలోలు దాటుతుంది, రింగులు కాక. కమిషన్ మీద కన్నున్న ఇంజనీర్ ముందు పిల్లర్ తీసేయమనే చెప్తాడు. ఆ బీమ్ రెండడుగులకు మించి కిందికి దిగుతుంది కాబట్టి పార్కింగ్‌లో తల తగులుతుందేమో చూసుకోవాలి. నడిమి బరువు అటు సగం ఇటు సగం పక్క పిల్లర్లకు పోతుంది, వాటి పునాదులు పెరగాలి. ఆ పక్క పిల్లర్లు ఉండేది సైటు అంచుల దగ్గర. పక్కింటాయన స్థలంలోకి ఫుటింగ్ పోనిస్తాడా?

దీనికి చిన్న తమ్ముడు ఒకటుంది: "పై అంతస్తులో గది కుదరకపోతే పిల్లర్ కాస్త పక్కకు జరుపుకోవచ్చు." కింది నుంచి వచ్చిన కడ్డీలను వంచి జరుపుతారు. కాంక్రీటు పనికి జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆ వంపు ఆరుకు ఒకటి కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే 6 అంగుళాల ఎత్తుకు 1 అంగుళం పక్కకు. "కాస్త" అంటే మీ మేస్త్రీ లెక్కలో ఎంతో అడగండి.

కారు పట్టాలన్న బాధ మాత్రం న్యాయమైనదే. దానికి దారి పిల్లర్ల గీతల్లో ఉంది. హ్యాచ్‌బ్యాక్‌కు 9 అడుగుల ఖాళీ వెడల్పు, 16 అడుగుల పొడవు చాలు. 12+12 గ్రిడ్‌ను 10+14 చేయించండి, నడిమి పిల్లర్‌ను మెట్ల గోడ గీత మీదికి తెప్పించండి. పిల్లర్ పొడుగు వైపు గోడ వెంబడి ఉంటే 6 అంగుళాల గోడలోంచి 3 అంగుళాలే బయటికి వస్తుంది. ముగ్గు పోయకముందు ఇది పెన్సిలు పని, తర్వాత బ్రేకర్ పని.

రెండోది, "మెట్లకు 8×5 అడుగులు చాలు, మిగిలింది స్టోర్ రూమ్." సరే, గీద్దాం. 10 అడుగుల ఎత్తుకు 8 అడుగుల పొడవులో ల్యాండింగ్‌కు రెండున్నర పోతే మిగిలింది 66 అంగుళాలు. వరసకు 9 అంగుళాల మెట్లు ఏడు. రెండు వరసలకు మొత్తం 16 ఎక్కులు, ఒక్కో ఎక్కు ఎత్తు 7.5 అంగుళాలు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్ళకు మెట్టు వెడల్పు కనీసం 250 ఎంఎం అంటుంది, 9 అంగుళాలంటే 229. వెడల్పు 5 అడుగులు కదా, రెండు వరసలు, ప్లాస్టరింగ్, రెయిలింగ్ పోతే మనిషికి మిగిలేది 26 అంగుళాల చిల్లర. స్టీల్ బీరువా వెడల్పు 36. అడ్డంగా తిప్పి పైకెక్కించవచ్చు, కానీ ల్యాండింగ్‌లో మలుపు తిరగదు. డబుల్ డోర్ ఫ్రిజ్ కూడా అంతే. మంచం, పరుపు సంగతి చెప్పక్కర్లేదు, బాల్కనీ మీదుగా తాళ్ళతో లాగుతారు. ఎక్కు 6.7 అంగుళాలు, మెట్టు 10 అంగుళాలు, వరస వెడల్పు 3 అడుగులు పెట్టి పైనా కిందా ల్యాండింగులు కలిపితే సుమారు 13×6.5 అడుగులు కావాలి. అంతకు తగ్గించి గెలిచేదేమీ లేదు.

ఒకటీ మూడూ కలిపి చూడాలి, కలిస్తేనే వాటి అందం. ఒకటి: "గోడలన్నీ 4 అంగుళాల బ్లాకుతో కట్టండి." లోపలి గోడలు బెంగళూరులో ఇప్పటికే 4 అంగుళాలవే, అందులో రహస్యం లేదు. బయటి గోడ 6 నుంచి 4కు దిగితే 25×34 ఇంటికి చుట్టుకొలత 118 అడుగులు, లాభం సుమారు 20 చదరపు అడుగులు, అదీ ఇల్లంతా చీలికలుగా పంచి. మూడు: "సెట్‌బ్యాక్ ఒక్క అడుగు వదిలితే చాలు, అందరూ అంతే, తర్వాత అక్రమ–సక్రమలో సరిచేసుకోవచ్చు." అడుగు సందులో పరంజా నిలబడదు, కాబట్టి బయటి ప్లాస్టరింగ్ జరగదు. అంటే ఈ మెసేజ్ మీకిస్తున్నది ప్లాస్టరింగ్ లేని 4 అంగుళాల బయటి గోడ, జూన్ నుంచి నవంబర్ దాకా వానపడే ఊళ్ళో. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందని తర్వాత అదే గ్రూపులో అడుగుతారు. నిబంధనలు మీరిన కట్టడాలను జరిమానా కట్టించుకుని సక్రమం చేసే ఆ అక్రమ–సక్రమ పథకం మీద సుప్రీంకోర్టు 2017 జనవరిలోనే స్టే ఇచ్చింది. బెంగళూరు నగర పాలక సంస్థ బీబీఎంపీ పోయి దాని చోట జీబీఏ వచ్చినా ఆ మెసేజ్‌లో మాత్రం పథకం రేపో మాపో వచ్చేస్తూనే ఉంది.

అయిదోది వాస్తు ముసుగు. "మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో పెట్టండి. దక్షిణం, పడమర గోడలకు కిటికీలు వద్దు, గోడ నిండా వార్డ్‌రోబులు కట్టండి." నైరుతి గదికి బయటి గోడలు రెండే: దక్షిణం, పడమర. కిటికీ పడకగదిలోంచి హాల్లోకి పెట్టాలా? బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. డిసెంబర్ మధ్యాహ్నం దక్షిణాన 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అప్పుడు 2 అడుగుల సజ్జ రెండున్నర అడుగుల కిటికీకి పైగా నీడ ఇస్తుంది. ఎండను ఆపడానికి అన్నిటికంటే సులువైన గోడ దక్షిణపుదే. కష్టమంతా పడమరతో, సాయంత్రపు ఏటవాలు ఎండను సజ్జ ఆపలేదు. అందుకని అక్కడ వార్డ్‌రోబ్ పెట్టి పైన 18 అంగుళాల ఎత్తు కిటికీ ఒకటి వదలండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి వచ్చేది ఆ వైపునుంచే.

అదే గాలి లెక్కతో ఇంకో సంగతి ఒప్పుకోవాలి: "వంటిల్లు ఆగ్నేయంలో" అన్న మాటకు నాకు అభ్యంతరం లేదు. పడమటి గాలి ఉన్న నెలల్లో తాలింపు ఘాటు తూర్పు కిటికీలోంచి బయటికే పోతుంది, ఇంట్లోకి తిరగదు. అక్టోబర్ దాటాక గాలి తూర్పునుంచి వీస్తుంది, అప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీదే భారం.

ఆరు, "పై బాత్రూమ్ ఎక్కడైనా పెట్టుకోండి": 4 అంగుళాల పైపు 10 అడుగులు పక్కకు పోవాలంటే 3 అంగుళాల వాలు కావాలి, దారిలో బీమ్ అడ్డొస్తే మేస్త్రీ బీమ్‌నే తొలుస్తాడు. కింద బాత్రూమ్ ఉన్నచోటే పైనా పెట్టండి. ఏడు, "తలుపులన్నీ రెండున్నర అడుగులు": ఫ్రేమ్, తలుపు మందం పోతే 24 అంగుళాలు మిగులుతుంది. వాషింగ్ మెషీన్ దూరుతుందేమో, దాన్ని మోసే చేతులు దూరవు. ఎనిమిది, "6×6×5 సంప్ చాలు, వాననీటి గుంత అనవసరం": ఆ సంప్ పట్టేది 5,100 లీటర్లు. 2024 మార్చిలో నీళ్ళ కరువులో జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధరలు కట్టినప్పుడు అన్నిటికంటే చిన్న ట్యాంకర్ 6,000 లీటర్లది. మిగిలిన 900 లీటర్లు డబ్బిచ్చి రోడ్డు మీద పోయించుకోండి. 1,200 చదరపు అడుగుల సైటులో కొత్త ఇల్లు కడితే వాననీటి ఏర్పాటు తప్పనిసరి, అది ఇష్టాయిష్టాల సంగతి కాదు.

తొమ్మిదోది చదివి ఆశ్చర్యపోయాను. "ప్లాన్ ఖాయం చేసేముందు అసలు కొలతల్లో నేల మీద గీసి, అందులో నడిచి చూడండి." ఈ మెసేజ్ మొత్తంలో పనికొచ్చే మాట ఇదే, మొదట ఉండాల్సింది. మిద్దె మీద సుద్దముక్కతో చేయొచ్చు. గోడకు ఒక గీత కాదు, మందంతో రెండు గీతలు గీయండి, ప్లాస్టరింగ్‌కు లోపల అర అంగుళం కలపండి. 5×6.5 అడుగుల మంచానికి అట్టలు పరిచి మూడు వైపులా 2 అడుగులు వదలండి. తలుపు తిరిగే చోట దారంతో వంపు గీయండి, వార్డ్‌రోబ్ రెక్కలు కూడా. మంచానికి తలుపు తగిలితే అక్కడే తెలుస్తుంది. పిల్లర్లు కూడా గీయండి, స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో ఎక్కడున్నాయో అక్కడే.