పది నిమిషాల చల్లదనం

మా ఇంటి ఏసీ పనిచేయడం మానేసిందంటే అబద్ధమే అవుతుంది. మీట నొక్కగానే అది బుద్ధిగా చల్లటి గాలి ఇచ్చేది. సరిగ్గా కునుకు పట్టే వేళకు, అంటే ఓ పది నిమిషాలకు, ఇచ్చిన చల్లదనాన్ని వెనక్కి తీసుకుని ఉత్త గాలిని మాత్రం మిగిల్చేది. మరో అరగంటకు జాలి కలిగినట్టు మళ్ళీ చల్లబరిచేది. పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని క్షమించవచ్చు గానీ, ఆశపెట్టి ఏడిపించేదానితో కాపురం చేయడం కష్టం.

“ఏమండీ, మెకానిక్కును పిలవండి” అని మా ఆవిడ మొదటి రోజే అన్నది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదనీ, గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుందనీ, ఇంత సూక్ష్మం తెలిసినవాడు ఇంట్లో ఉండగా పరాయివాడి అవసరమేమిటనీ నేను ఆమెకు వివరించాను. ఈ వివరణను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. ఆ తరువాత మూడు రోజులపాటు నాకు మాత్రం అది గుర్తు రాలేదు.

నా అనుమానం ముందుగా రిమోట్ మీదికి పోయింది. దాని కొసన ఉండే చిన్న బల్బు వెలుగు మన కంటికి కనిపించదు గానీ, చాలా ఫోన్ కెమెరాలకు కనిపిస్తుంది. కెమెరా ముందు పెట్టి మీట నొక్కితే ఊదారంగు చుక్క చక్కగా మెరిసింది. రిమోట్ నిర్దోషి అని తేలినా, బ్యాటరీలు మాత్రం మార్చాను. ఏదో ఒకటి మార్చకుండా ఉండలేని స్థితికి అప్పటికే చేరుకున్నాను.

రెండవ రోజు ఫిల్టర్లు ఊడదీశాను. వాటికి దుప్పటిలా పట్టిన దుమ్మును చూసి, దొంగ దొరికాడని సంబరపడి, కడిగి, నీడన ఆరబెట్టి, తిరిగి బిగించాను. ఫలితం దక్కలేదనను. అదే పది నిమిషాల చల్లదనం మునుపటికంటే జోరుగా వచ్చి ఆగిపోయింది.

మా అబ్బాయి ఉష్ణోగ్రతను 24 నుంచి 16కు దించాడు. అంకె తగ్గించినంత మాత్రాన గది తొందరగా చల్లబడదనీ, ఆ అంకె ఏసీ ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప ఎంత వేగంగా పరుగెత్తాలో చెప్పదనీ వాడికి బోధించాను. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకుండానే ఆగిపోతున్న యంత్రం గురించి ఇంత మాట్లాడటం నాకే కొంచెం ఇబ్బందిగా అనిపించింది.

పక్కింటాయన వచ్చి, గోడకు చెవి ఆనించి, “గ్యాస్ అయిపోయిందండీ” అని తేల్చేశారు. అది వంటగ్యాసులా ఖర్చయ్యేది కాదని, మూసి ఉన్న గొట్టాలలోనే తిరుగుతూ ఉంటుందని, ఎక్కడో కారితే తప్ప తరగదని నేను చెబుతుంటే, ఆయన ఏమీ తెలియనివాణ్ణి చూసినట్టు నన్ను చూసి వెళ్ళిపోయారు.

ఆపిన ఏసీని వెంటనే వేయకూడదు. లోపలి పీడనాలు సర్దుకునేందుకు కంప్రెసర్‌కు ఓ మూడు నిమిషాల విరామం కావాలి. ఇన్ని ప్రయోగాలలో ఆ మూడు నిమిషాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. వాటిని వృథా చేయడం ఇష్టంలేక, 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కర్మాగారంలో తేమను అదుపు చేయడానికి ఇలాంటి యంత్రాన్ని రూపొందించిన సంగతి మా ఆవిడకు చెప్పాను. అంటే మొదట సుఖపడింది మనిషి కాదు, కాగితం. “ఆ కాగితానికైనా మెకానిక్కును పిలిచే ఉంటారు” అని ఆమె విసనకర్ర అందుకున్నది.

మూడవ రోజు సాయంత్రం మెకానిక్ వచ్చాడు. రిమోట్, ఫిల్టర్లు, బ్యాటరీలు, పక్కింటాయన గ్యాసు, అన్నింటినీ వరుసగా విన్నవించాను. అతడు ఓపికగా విని, “అవుట్‌డోర్ ఎక్కడుంది సార్?” అన్నాడు. మేడ మీద ఉందన్నాను. ఆ ఎండలో నేను ఒక్కసారి కూడా అక్కడికి ఎక్కలేదన్న సంగతి ఎందుకో చెప్పలేదు.

మేమంతా పైకి వెళ్ళేసరికి, చలికాలం మొదట్లో దుమ్ము పడుతుందని నేనే కప్పిన టార్పాలిన్ పట్టా, నాలుగు వైపులా తాళ్ళతో, ఊరికి పంపే మూటలా కనిపించింది.

“లోపలి వేడి ఇటే కదా సార్ పోవాలి” అన్నాడు మెకానిక్, నా సిద్ధాంతాన్ని నాకే అప్పగిస్తూ. “పోయే దారి లేక కంప్రెసర్ కాగిపోతోంది. కాలిపోకుండా ఓవర్‌లోడ్ స్విచ్చు దాన్ని ఆపేస్తోంది. చల్లారాక మళ్ళీ మొదలవుతోంది.”

అతడు ముడులు విప్పబోయాడు. ఒక్కటీ కదలలేదు. “ఎవరు కట్టారో గానీ గట్టిగా కట్టారు” అని సంచీలోంచి కత్తెర తీశాడు. మా ఆవిడ అతడిని ఆపి, “కొయ్యకండి, కట్టినవారు ఇక్కడే ఉన్నారు” అంటూ నా వైపు చూసింది.

నాలుగు ముడులూ విప్పడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. కింద గదిలో మెకానిక్ ఫ్యాను కింద కూర్చుని మా ఆవిడ చెబుతున్న 1902 నాటి కథ వింటున్నాడు.