అరుగు ముందు సాష్టాంగం

నడుం ఇంకా సలుపుతూనే ఉంది. బోర్లా పడుకుని, గడ్డం కింద దిండు పెట్టుకుని ఇది ఫోన్లో టైపు చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి. జరిగింది మొన్న ఆదివారం. మా బావమరిది ఊరంతా వేరే రకంగా చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. వాడి మాట నమ్మకండి.

నాకో పిచ్చి ఉంది. కొందరు పాత నాణేలు పోగేస్తారు, కొందరు స్టాంపులు పోగేస్తారు. నేను పాత సర్వే గుర్తులు వెతుకుతాను. 'ఈ చోటు సముద్రమట్టానికి ఇంత ఎత్తు' అన్న లెక్క నిలవడానికి సర్వేవాళ్ళు చర్చి మెట్ల మీదా, కల్వర్టుల మీదా, పాత ఆఫీసుల పునాదుల మీదా చెక్కి వెళ్ళిన గుర్తులు. బెంచ్‌మార్కులంటారు. కొన్నిటి మీద జి.టి.ఎస్. (గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే) అని, బి.ఎం. (బెంచ్‌మార్కు) అని ఇంగ్లీషు అక్షరాలుంటాయి. కొన్నిటి మీద ఒక బాణం, దాని మొన దగ్గర ఒక అడ్డగీత ఉంటాయి. ఇంటికి తెచ్చుకునేది కాదు, అమ్ముకునేది కాదు. వెతకడం, చూడడం, ఫొటో తీసుకుని రావడం, అంతే. మా ఆవిడ దీన్ని ఊళ్ళో రాళ్ళకి హాజరు వేయడం అంటుంది.

ఈ పిచ్చికి విశాఖపట్నం బాగా పనికొచ్చే ఊరు. దేశమంతటి ఎత్తుల లెక్క 1909లో మొదటిసారి ఒక కొలిక్కి వచ్చింది. అసలు సముద్రమట్టం అంటే ఏది అని తేల్చడానికి అప్పుడు తొమ్మిది రేవుల్లో ఆటుపోట్ల కొలతలు పట్టుకున్నారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, ఒడిశా తీరంలో ఫాల్స్ పాయింట్, ఇక తొమ్మిదోది మన విశాఖ. ఎక్కడో ఉత్తరాదిలో కొండ ఎత్తు లెక్క కట్టినా అందులో మన నీళ్ళకీ ఒక వాటా ఉందని నా వాదన. ఈ మాట పెళ్ళి పంక్తిలో ఎత్తితే పక్క విస్తరివాడు పెరుగు వడ్డించకముందే లేచి చెయ్యి కడుక్కుంటాడు.

గుర్తులు ఎక్కడెక్కడున్నాయో జాబితా దొరుకుతుందేమోనని ఒక ఆఫీసుకి వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను, నా దరఖాస్తు ఇంకా అక్కడే ఉంది.

"దేనికండీ?" అన్నాడు సీట్లో ఉన్నాయన.

"చూడ్డానికండీ."

"చూడ్డానికంటే? కోర్టు కేసా? కాంట్రాక్టు పనా? పిల్లల ప్రాజెక్టా?"

"సరదాకండీ."

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఇందులో సరదాకి గడి లేదండీ" అన్నాడు. తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి ఆయన లేడు, ఒకసారి ఫారాలు లేవు, ఇంకోసారి రెండూ ఉన్నాయి గానీ కరెంటు లేదు.

అలాంటి సమయంలో మా బావమరిది ఒక కబురు తెచ్చాడు. వన్ టౌన్‌లో చేపలు కొని వస్తుంటే, కురుపాం మార్కెట్టు వెనకవైపు ఒక సందులో, ఒక పాత ఇంటి అరుగు కింద మెట్టు మీద బాణం చూశాడట. "ఒట్టు బావా. బాణం. పైన గీత కూడా ఉంది."

వెళ్ళాం. నా సంచిలో స్టీలు టేపు, పాత టూత్‌బ్రష్షు, నీళ్ళ సీసా, టార్చి, ముగ్గుపిండి పొట్లం ఉన్నాయి. ముగ్గుపిండి ఎందుకంటే, అరిగిపోయిన చెక్కుడులోకి కాస్త తెల్లపొడి రాస్తే ఫొటోలో గీతలు తేటగా కనిపిస్తాయి. ఈ పొట్లం సంగతి గుర్తుపెట్టుకోండి.

సందు మొదట్లో టీ బడ్డీ కనబడగానే బావమరిది ఆగిపోయాడు. "నువ్వు చూస్తూ ఉండు బావా, వచ్చేస్తా" అన్నాడు. వాడు రాలేదు.

మెట్టు దొరికింది. కాకపోతే అది మెట్టులా లేదు. రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేసుకుంటూ పోయారు కదా, ఒకప్పుడు మోకాలి ఎత్తున ఉండాల్సిన అరుగు ఇప్పుడు చీలమండ ఎత్తుకి దిగిపోయింది. కింది మెట్టు సగం కాంక్రీటులో కూరుకుపోయింది. దానికీ కాలవ పలకకీ మధ్య జానెడు సందు. పాత రోడ్డు తవ్వకుండా పైన పోసుకుంటూ పోయే ఆ కాంట్రాక్టరు ఎవరో నాకు ఒక్కసారి కనబడాలి. అతను ముంచేసిన బెంచ్‌మార్కులు ఎన్నో.

సరే, మోకాళ్ళ మీద కూర్చున్నాను. కనబడలేదు. మోచేతులు ఆన్చాను. కనబడలేదు. చెంప నేలకి ఆనించి టార్చి వేశాను. కనబడింది! ఒక కొసన కలిసిన మూడు గీతలు, పైన అడ్డంగా ఇంకొకటి. నీళ్ళు పోసి బ్రష్షుతో తోమాను. ముగ్గుపిండి రాశాను. తెల్లగా, పొందికగా, బాణం! గుండె దడదడ కొట్టుకుంది. టేపు లాగి నేల నుంచి ఎత్తు కొలిచి, ఫోను తీద్దామని లేవబోయాను.

నడుం పట్టేసింది.

పట్టేసిందంటే మామూలుగా కాదు. లోపల ఎవరో తలుపు గడియ వేసినట్టు టక్కుమంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. రెండు మోచేతులూ నేల మీద, చెంప మెట్టుకి, వెనకభాగం ఆకాశానికి. దూరం నుంచి చూసేవాళ్ళకి ఒక పెద్దమనిషి ఎవరి గుమ్మానికో భక్తిగా మొక్కుతున్నట్టుంటుంది. ఆ క్షణంలో నాకు లాంబ్టన్ దొర గుర్తొచ్చాడు. 1802లో మద్రాసు దగ్గర ఈ దేశపు మహా కొలతకి మొదటి గొలుసు పరిపించిన మనిషి. 1808లో ఆయన అర టన్ను బరువున్న థియోడలైటుని, అంటే కోణాలు కొలిచే యంత్రాన్ని, తంజావూరు పెద్దగుడి గోపురం మీదికి లాగిస్తుంటే తాడు తెగి అది గోడకి కొట్టుకుంది. దాని చక్రం వంగిపోయింది. ఆయన డేరాలో కూర్చుని రోజుల తరబడి దాన్ని తట్టి తట్టి మళ్ళీ గుండ్రంగా చేసుకున్నాడు. నాకు ఎవరున్నారు? టీ బడ్డీ దగ్గర ఒకడున్నాడు.

"ఒరేయ్!" అన్నాను. మెట్టు సందులోకి అన్నాను కాబట్టి కాలవకి తప్ప ఎవరికీ వినబడి ఉండదు.

ఇక్కణ్ణుంచి నాకు మనుషులు కనబడలేదు. కాళ్ళే కనబడ్డాయి.

మొదట వచ్చినవి మెట్టెల కాళ్ళు. మడమలు పగిలి, పాదాల మీద చేప పొలుసు ఒకటి రెండు మెరుస్తున్నాయి.

"ఏటి బావూ, ఏటి పోనాది?"

"ఏమీ పోలేదమ్మా."

"మరి ఏటి ఎతుకుతన్నావు?"

"బాణం."

మెట్టెల కాళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి.

తర్వాత నీలం పట్టీల రబ్బరు చెప్పులు వచ్చాయి. "సార్, సర్వేదా?" అన్నాయి. నేను గుర్తు గురించి అడిగాడనుకున్నాను. ఇన్నేళ్ళలో సరైన ప్రశ్న అడిగిన మొదటి మనిషి. సంతోషం పట్టలేక, "సర్వేదే!" అన్నాను.

అంతే. ఈ రోజుల్లో ఇంటి ముందు టేపు పట్టుకున్నవాడు సర్వే అన్నాడంటే దానికి అర్థం ఒక్కటే. రోడ్డు వెడల్పు.

"మార్కింగ్ కూడా వేసేశార్రా!" అని ఎవరో కేక పెట్టారు. ముగ్గుపిండి గుర్తుందా?

రెండు నిమిషాల్లో నా చుట్టూ పది పదిహేను జతల కాళ్ళు. ఎన్ని అడుగులు పోతాయి, నష్టపరిహారం ఎంత, ఎదురింటి వైపు ఎందుకు కొలవలేదు, వాళ్ళు ఎవరికైనా చెప్పించుకున్నారా అని అందరూ ఒకేసారి. నేను సముద్రమట్టం గురించి చెప్పబోయాను. "సముద్రం ఇక్కడిదాకా వస్తాదంట!" అంది ఒక చిన్న గొంతు. ఇక మానేశాను.

ఇంతలో పాలిష్ బూట్లు వచ్చాయి. మనిషి గొంతుక్కూర్చుని ఒక దస్తావేజు జిరాక్సు సరిగ్గా నా ముక్కు ముందు పరిచాడు. "మీరే చూడండి సార్, అరుగుతో సహా మాదే." చదివాను. ఏం చేస్తాను, ముఖం ఇంకో వైపు తిరగదు. పేజీ అయిపోగానే అతనే తిప్పాడు. రెండో పేజీలో హద్దుల దగ్గర నా నోరు ఊరుకోలేదు. "పడమర రెండుసార్లు రాశారండీ. తూర్పు లేదు" అన్నాను.

ఆ మాటతో సందు నిశ్శబ్దమైపోయింది. నేను పెద్ద ఆఫీసరునని తేలిపోయింది. ఎవరో నా ప్యాంటు వెనక జేబులో మడిచిన కాగితం ఒకటి కుక్కారు. (ఇంటికొచ్చి చూస్తే నోటు కాదు. డోరు నంబరు, ఫోను నంబరు, 'దయచేసి' అని రాసుంది.) ఇంకెవరో ఆఫీసరుగారికీ జనానికీ టీలు చెప్పారు. నాది సాసర్లో పోసి ముఖం ముందు పెట్టారు. అప్పుడు ఖాకీ ప్యాంటు కాళ్ళు రావడంతో నా ప్రాణం కొంచెం పోయింది. ఆయన ఎక్కడో వాచ్‌మన్. "కొంచెం జరగండి సార్, బండి తియ్యాలి" అన్నాడు. జరగగలిగితే నేను ఇక్కడెందుకుంటాను?

ఈలోగా బావమరిది వచ్చాడు. వాడి తెల్ల స్పోర్ట్స్ షూ నాకు తెలుసు, కొనిచ్చింది నేనే. బతికాననుకున్నాను. వాడు జనంతో, "సార్ పనిలో ఉన్నారు, డిస్టర్బ్ చేయకండి" అన్నాడు.

"ఒరేయ్, నడుం పట్టేసిందిరా" అని గొణిగాను. ఈసారి మాత్రం అందరికీ వినబడింది.

అయ్యో అయ్యో అని ఆడవాళ్ళు అందుకున్నారు. మెట్టెల కాళ్ళు ముందుకొచ్చాయి. "ఎదురుకాళ్ళతో పుట్టినోల్లు తన్నితే పోద్ది బావూ. ఒరే, మన గుంటడెక్కడ? ఆడు ఎదురుకాళ్ళోడే!"

వద్దమ్మా అన్నాను. ఆటో పిలవండి అన్నాను. డాక్టరు అన్నాను. కింద ఉన్నవాడి మాట ఎవరు వింటారు? ఎనిమిదేళ్ళవాణ్ణి ఒకణ్ణి నిద్రలోంచి లేపి తీసుకొచ్చారు. బోడి కాళ్ళు, ఒక బొటనవేలికి బ్యాండేజీ. వాడు సిగ్గుపడ్డాడు. "మూడుసార్లురా, మెల్లిగా" అన్నారు. ఆఫీసరుని తన్నే అవకాశం ఏ పిల్లాడికి వస్తుంది? మెల్లిగా తన్నలేదు. మొదటి తన్నుకి సాసరు ఎగిరింది. రెండో తన్నుకి నా నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. మూడో తన్నుకి ముందే లేచి నిలబడ్డాను. అది వైద్యం కాదు, భయం. కానీ సందు సందంతా చప్పట్లు కొట్టి వాడి వీపు తట్టింది.

నిలబడ్డాక మొత్తం చెప్పాను. నేను ఏ ఆఫీసూ కాదు, రోడ్డు ఎక్కడికీ పోదు, పాత గుర్తు చూడ్డానికి సరదాకి వచ్చాను అని. సరదా అనగానే అందరి ముఖాల్లో ఆ ఆఫీసు సీటాయన కనబడ్డాడు. వీళ్ళ దగ్గరా దానికి గడి లేదు. రబ్బరు చెప్పుల మనిషి మాత్రం కన్ను గీటి, "అర్థమైంది సార్. ఇప్పుడే బయటికి చెప్పొద్దన్నారు" అన్నాడు.

"పోనీ ఆ గుర్తేదో చూపించు బావూ" అంది మెట్టెలావిడ. చూపించాను. వంగి చూసింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇదా? ఇది నాను కత్తి నూరుకున్నదే కదా. ఇలగోసారి, ఇలగోసారి, ఇలగోసారి" అని చేత్తో మూడు గీతలూ గీసి చూపించింది.

"మరి పైన అడ్డగీత?" అన్నాను, ఆశ చావక.

"అది మా కోడలిది. దానికి నూరడం రాదు."

వీడియో ఆ సాయంత్రమే మా అత్తగారింటి వాట్సాప్ గ్రూపులో పడింది, మొదటి తన్ను నుంచీ. మా అత్తగారు చూసి, "అల్లుడుగారికి ఏం మొక్కుబడి?" అని అడిగారట. ఎవరు తీశారో నేను వేరే చెప్పాలా?

టీలు పద్నాలుగు. డబ్బులు నేనే ఇచ్చాను. అందులో రెండు మా బావమరిది తాగినవి. ఒకటి స్పెషలు.