నీళ్లు పట్టని కూజాలు

కూజా అంటే నీళ్లు పోసుకునేదని ఇంకా నమ్ముతున్న అమాయకుల కోసం ఈ నాలుగు మాటలు.

1746లో రోమ్‌లోని ఫ్రెంచి అకాడమీలో, రాజుగారి ఖర్చు మీద కళ నేర్చుకుంటున్న శిల్పి జాక్ సాలీ 30 దాకా కూజాల బొమ్మలు అచ్చు వేశాడు. స్వయంగా ఊహించి, అభ్యాసం కోసం గీసి చెక్కినవని లాటిన్‌లో రాసి మరీ పెట్టాడు. తోకలు మెలితిప్పిన జలకన్యలు, నోళ్లు తెరిచిన ముఖాలు, ఇలా ఎటు చూసినా ఎవరో ఒకరు వేలాడుతుంటారు. పట్టుకుందామంటే చేతికి చోటు లేదు. ఇందులో నీళ్లెలా పోస్తారని అడిగేవాళ్లకు కళ అర్థం కాదని ముందే చెప్పేస్తున్నా. రాగి రేకు మీద మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, సిరా అద్ది కాగితం మీదకి దించిన కూజా అది. కింద పడినా పగలదు. తోమే పని లేదు. ఇంతకంటే ఏం కావాలి?

1760లో ఫ్రెంచి చిత్రకారుడు జోసెఫ్ మరీ వియాఁ కూడా ఒక వరుస కూజాలు ఊహించాడు. వాటిని రాగి రేకు మీద చెక్కింది మాత్రం ఆయన భార్య మరీ తెరేజ్ రెబూల్. ఆవిడేమీ ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి కాదు, అప్పటికే పారిస్ రాజ అకాడమీలో సభ్యురాలు. ఊహకు భర్త, చెయ్యి నొప్పికి భార్య. పని పంపకం బాగానే కుదిరింది.

ఇంత చక్కటి సంప్రదాయాన్ని చెడగొట్టినవాడు ఒక కుమ్మరి. ఇంగ్లండ్‌లో జోసయా వెడ్జ్‌వుడ్ 1769 జూన్ 13న తన కొత్త కార్ఖానా తెరుస్తూ, భాగస్వామి బెంట్లీ చేత చక్రం తిప్పించి, నిజం మట్టితో కూజాలు చేసేశాడు! వాటి మీది బొమ్మల్ని హామిల్టన్ దొర పోగుచేసిన పురాతన కూజాలను చూపే అచ్చు పుస్తకం నుంచి దించుకున్నారు. అవి ఇటలీలోని పురాతన ప్రాంతం ఎట్రూరియావనుకుని, ఎట్రూరియా కళలు మళ్లీ పుట్టాయని లాటిన్‌లో రాయించాడు కూడా. ఆ పుస్తకంలోని పాత కూజాలు చాలావరకు గ్రీకులవని తర్వాత తేలింది. కాగితం మీదే ఉంచి ఉంటే ఈ టెన్షన్ ఉండేదా?

ఇటలీలోని పార్మాలో పెటితో అనే ఫ్రెంచి వాస్తుశిల్పి మాత్రం దారి తప్పలేదు. ఆయన కూజాల్ని బెనిన్యో బోస్సీ చెక్కగా 1764లో అచ్చయ్యాయి. ఏడేళ్లకు, కూజాలు చాలక కాబోలు, మనుషుల్నే పట్టాడు. గ్రెనేడియర్ సిపాయికీ, కుర్ర సన్యాసికీ, గొర్రెలు కాసే పిల్లకీ గ్రీకు కట్టడాల ముక్కలే బట్టలుగా తొడిగి, మళ్లీ బోస్సీ చేతే చెక్కించాడు. అందరూ నిలబడే ఉన్నారు. ఆ బట్టల్లో గొర్రెలు కాసే పిల్ల కూర్చునేదెలాగో ఆయన గీయలేదు.